బుడగ లేని సీసా

సీసా మూత పెట్టేటప్పుడు లోపల ఆవగింజంత బుడగ కూడా మిగలకూడదు. మిగిలిందా, ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ ముంచాల్సిందే. 1999 చివర్లో ఈ పనిలో చేరిన మొదటి వారం, కొల్లేటి దగ్గరి పెదయడ్లగాడి వంతెన పక్కన దోనెలో కూర్చుని పదకొండుసార్లు ముంచి పదకొండుసార్లు పారబోశాను. దోనె నడిపే ఆయన ఒక్క మాటా అనలేదు. పన్నెండోసారి మా మాస్టారు సీసా అందుకుని వెలుతురుకి పట్టి చూసి, "ఇప్పుడిది నీళ్ళు చెప్పే మాట. ఇందాకటివన్నీ గాలి మాటలు" అన్నారు. మాస్టారంటే బడి పంతులు కాదు, మా ల్యాబులో పెద్ద టెక్నీషియను. ఆయన రిటైరై చాలా కాలమైంది. ఇప్పటికీ నేను ముంచిన ప్రతి సీసాలోనూ ఆయన కళ్ళతోనే బుడగ వెతుకుతాను.

నా పని నీళ్ళ శాంపిళ్ళు తీయడం. ఏలూరులో తమ్మిలేరు దగ్గర మొదలుపెట్టి, కొల్లేరు మీదుగా ఉప్పుటేరు వెంట దిగి, ఏరు సముద్రంలో కలిసే మొగ దాకా కొన్ని గుర్తు పెట్టుకున్న చోట్లున్నాయి. నెలకోసారి ఆ చోట్లన్నీ తిరగాలి. ఒక ఐసు పెట్టె, ఇరవై నాలుగు సీసాలు, ఉప్పు చూసే గొట్టం, మందు సీసాలు మూడు, ఒక నోటుబుక్కు. ఎన్నో ప్రాజెక్టులు వచ్చాయి, పోయాయి. దొరలు మారారు. సీసా మాత్రం అదే.

ఉండేది ఏలూరులోనైనా నేను పుట్టింది తాడేపల్లిగూడెంలో. మా నాన్న ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మోసేవారు. మా ఇంటికి రెండు వీధుల అవతల ఏలూరు కాలవ. విజ్జేశ్వరం దగ్గర బయల్దేరిన గోదావరి నీళ్ళు నందమూరు అక్విడెక్టు మీద ఎర్రకాలవని దాటుకుని, మా ఊరి మీదుగా ఏలూరు చేరతాయి. అటు బెజవాడ నుంచి కృష్ణ నీళ్ళు ఇంకో ఏలూరు కాలవలో వచ్చి అక్కడే కలుస్తాయి. చిన్నప్పుడు ఆ కాలవలో ఈత కొట్టాం, గేదెల్ని కడిగాం, బిందెలతో నీళ్ళు తెచ్చుకున్నాం. నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ఊళ్ళో ఎవర్నడిగినా చెప్పేవారు, "గోదారమ్మ తల్లి" అని. వాడేసిన నీళ్ళు ఎక్కడికి పోతాయో మాత్రం ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. మార్కెట్లో చిరిగిన ప్లాస్టిక్ గోనెలు, మా వీధి మురుగు, పొలాల్లో కొట్టిన మందు, అన్నీ డ్రెయిన్లలో పడి దక్షిణంగా పోయేవి. కంటికి కనపడకుండా పోతే పోయినట్టేనని అనుకునే వయసు నాకు ముప్పయ్యేళ్ళ దాకా సాగింది.

కొల్లేరు సంగతి చెప్పకపోతే ఈ పని అర్థం కాదు. కృష్ణా డెల్టాకీ గోదావరి డెల్టాకీ నడుమ పళ్ళెంలా ఉన్న పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇవిగాక డెల్టా డ్రెయిన్లు, కాలవలు కలుపుకుని అరవై పైచిలుకు దారుల్లో నీళ్ళు దిగుతాయి. బయటికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. అది మెలికలు తిరుగుతూ సుమారు 60 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. వానాకాలం సరస్సు సముద్రంలోకి పోతుంది. ఎండాకాలం సముద్రం సరస్సు వైపు వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పోటు మీద ఉప్పు ఎంత దూరం ఎక్కిందో చూడటానికి ఆ గొట్టం అద్దం మీద ఒక్క చుక్క నీరు వేసి, ఎండకి ఎదురుగా పట్టి లోపలికి చూస్తాను. పైన నీలం, కింద తెలుపు, మధ్యలో గీత. గీత ఎక్కడుంటే ఉప్పు అంత. నేనింకా గొట్టం తుడుచుకుంటూ ఉండగానే దోనె మీది ముసలాయన వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, "నిన్నటి కంటే ఎక్కువేనండి" అనేవాడు. ఆయన మాట తప్పినట్టు నా నోటుబుక్కులో ఎక్కడా లేదు.

1999లో ఐదో కాంటూరు దాకా, అంటే దాదాపు 308 చదరపు కిలోమీటర్లు, కొల్లేరుని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002 ఆగస్టులో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చేరింది. అప్పుడు లెక్కకి తీసుకున్న విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు. ఇరాన్‌లోని రామ్‌సార్ ఊళ్ళో 1971లో కుదిరిన ఒప్పందంలో మా లంకల పేరు చేరిందని తెలిసిన రోజు నేనెంత పొంగిపోయానో చెప్పలేను. మరి ఆ సరస్సులోనే, 1970ల్లో సహకార సంఘాల పేరు మీద ప్రభుత్వమే చేపల చెరువులకి దారి తీసింది. తర్వాత డబ్బున్నవాళ్ళు వచ్చారు, గట్లు లేచాయి. 2006లో సుప్రీంకోర్టు మాట మీద ఆ గట్లు తెంచారు. మళ్ళీ కొన్ని లేచాయి. ఆ కథలో ఎవరి గాయం వాళ్ళకుంది. లంకల్లో మావులు, అంటే చేపల బోనులు, వేసుకుని బతికే వడ్డీ జాలర్ల ఇళ్ళలోనూ అన్నం తిన్నాను, చెరువు మునిగి అప్పుల్లో పడిన రైతు అరుగు మీదా కూర్చున్నాను. వాళ్ళలో ఎవర్నీ దొంగ అనడానికి నాకు నోరు రాదు. నీళ్ళ గురించి మాత్రం చెప్పగలను.

నీటిలో ఆక్సిజన్ చూసే పరీక్షని 1888లో విన్‌క్లర్ అనే హంగరీ కుర్రాడు కనిపెట్టాడు. ఇప్పుడు మీటర్లు వచ్చాయి, కడ్డీ ముంచితే అంకె పడుతుంది. అయినా మీటరు నిజం చెబుతోందో లేదో తేల్చుకోవాలంటే ఇప్పటికీ ఈ పరీక్షకే రావాలి. ముంచిన సీసాలో ముందు మాంగనీసు మందు, తర్వాత క్షారం కలిపిన అయొడైడు మందు వెయ్యాలి, గొట్టం మొన నీళ్ళలోకి దించి నెమ్మదిగా. మూత పెట్టి సీసాని బోర్లించి, నిలబెట్టి, మళ్ళీ బోర్లించి. అప్పుడు లోపల మేఘంలా ఒక మడ్డి పుడుతుంది. ఆక్సిజన్ బాగుంటే అది బెల్లప్పాకంలా ముదురు గోధుమ రంగులో దిగుతుంది. తక్కువుంటే చాయ పలచబడుతుంది. ఆపైన ఆసిడ్ వేస్తే సీసా అంతా తేనె రంగు. దాన్ని ఐసు పెట్టెలో పెట్టి ల్యాబుకి తెచ్చి, థయోసల్ఫేట్ చుక్కలు వేస్తూ, గంజి నీళ్ళు కలిపి, నీలం పోయి తేటపడే దాకా లెక్క చూస్తాం. లీటరుకి 5 మిల్లీగ్రాములుంటే చేప హాయిగా బతుకుతుంది. రెండుకి దిగిందంటే పైకి తేలి నోరు తెరుస్తుంది.

తెల్ల మడ్డి నేను మొదటిసారి చూసింది 2003 ఆగస్టులో. ఆకివీడు దిగువన ఒక డ్రెయిను ఉప్పుటేట్లో కలిసే చోటు. రెండ్రోజులుగా మబ్బు. మందులు రెండూ వేశాను, సీసా బోర్లించాను. మేఘం పుట్టింది గానీ రంగు రాలేదు. పాలు విరిగినట్టు తెల్లగా దిగింది. మందు తప్పు వేశానేమోనని ఇంకోటి ముంచాను. అదీ తెలుపే. మూడోదీ తెలుపే. ఆ నీళ్ళలో ప్రాణవాయువనేది లేదు. తల ఎత్తి చూస్తే డ్రెయిను మొగలో జెల్లలు, గొరకలు, వేలెడంత పరిగెలు, ఇంకా ప్రాణం పోని కొర్రమీను ఒకటి, ఒడ్డు వెంట తెల్లగా పొట్టలు పైకి పెట్టి ఉన్నాయి. నాటు కొర్రమీను గాలి పీల్చి బతికే చేప. బురదలో కూడా బతుకుతుంది. అది కూడా ఒడ్డుకి వచ్చిందంటే నీళ్ళలో ఊపిరి పోవడమొక్కటే కాదు, ఇంకేదో ఉందని అర్థం. ఒక ముసలామె గంప పట్టుకొచ్చి, ఏరుకోవాలా వద్దా అని నిలబడింది. "బాబూ, ఇవి తినొచ్చా?" అని అడిగింది. వద్దు మామ్మా అన్నాను. ఆమె గంప బోర్లించి దాని మీదే కూర్చుండిపోయింది.

పైన ఎవరో రాత్రికి రాత్రి చెరువు పట్టుబడి పెట్టి నీళ్ళు వదిలారు. అంతే జరిగింది. చెరువు పట్టుబడి గురించి తెలియనివాళ్ళకి చెప్పాలి. ఏడాదిపాటు మేత, తవుడు, కోళ్ళ ఎరువు పడిన చెరువులో పై నీరు మరీ పాడుగా ఉండదు. చేప పట్టేముందు నీళ్ళు దించుతూ పోతే, ఆఖరున జానెడు, మూరెడు మిగిలినప్పుడు వలలాగే మనుషులు దిగి తొక్కుతారు. అడుగున పేరుకున్నదంతా కలిసి నల్లగా లేస్తుంది. చెరువు మొత్తం నీళ్ళలో అది పదో వంతో, ఐదో వంతో. చెడ్డంతా దాన్లోనే ఉంటుంది. ఆ నల్ల నీరు డ్రెయిన్లో పడితే, దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు ఉన్న ఆక్సిజన్ అంతా తాగేస్తాయి. దిగువన రొయ్యల చెరువు రైతు పాపం తెలియక అదే నీరు ఇంజిన్ పెట్టి తోడుకుంటాడు. మర్నాడు అతని రొయ్య గట్టు పట్టుకుంటుంది. వారం తిరక్కుండా అతనూ చెరువు తెంచి కిందికి వదిలేస్తాడు. అలా ఒకరి చావు నీరు ఇంకొకరికి అందించుకుంటూ పోతే ఆఖరున అందుకునేది సముద్రం.

సముద్రం మొగ దగ్గర పల్లెకారుల ఊళ్ళో నాకు ఒక ఇల్లుంది. అంటే నా ఇల్లు కాదు, నేను వెళ్తే అన్నం పెట్టే ఇల్లు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా వేట నిషేధం. ఆ 61 రోజులూ వాళ్ళు వలలు బాగుచేసుకుంటారు. ఒక ఏడు ఆ ఇంటి పెద్దాయన పక్కన కూర్చుని వలలో ఇరుక్కున్న చెత్త తీస్తుంటే, నా చేతికొచ్చినవి వరసగా ఇవి. చేపల మేత బస్తా ముక్క, రొయ్యల మందు పొట్లాలు మూడు, గుట్కా పొట్లాల దండ ఒకటి, ఇంకెవరిదో తెగిన నైలాను వల, ఒక ప్లాస్టిక్ సీసా. మేత బస్తా మీద అచ్చు చెక్కుచెదరలేదు. ఆ బస్తాలు దిగే గొడౌను మా ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే దారిలోనే ఉంది, నెలనెలా దాని ముందునుంచే బస్సులో వెళ్తాను. సీసా మీద గుండ్రటి అక్షరాలున్నాయి. "మన తెలుగేనేమో, చెరిగిపోయింది. చదువుకున్నోడివి, చదివి పెట్టు" అన్నాడాయన. చదవబోయాను. సున్నాలూ, అరసున్నాలూ తప్ప ఒక్క అక్షరం రాలేదు. తెలుగు కాదు. తర్వాత తెలిసినవాళ్ళకి చూపిస్తే బర్మా లిపి అన్నారు.

అది ఆయనకి చెప్పినప్పుడు చాలాసేపు సీసాని తిప్పి తిప్పి చూశాడు. "అయితే మన బస్తాలు వాళ్ళ వలల్లో పడతాయన్నమాట" అన్నాడు. పడతాయి. తూర్పు తీరం వెంట నడిచే సముద్ర ప్రవాహం ఏడాదికి రెండుసార్లు దిశ మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఒడిశా, బెంగాల్ వైపు పైకి పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అటునుంచి మన మీదుగా తమిళనాడు, శ్రీలంక వైపు దిగుతుంది. ఉప్పుటేరు మొగలో పడిన బస్తాకి పాస్‌పోర్టు అక్కర్లేదు.

ఆ సీసాని ఇప్పటికీ దాచాను. చెన్నైలో ఒక శిక్షణకి పంపినప్పుడు వెంట తీసుకెళ్ళాను. బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాల నుంచి నాలాంటి పనివాళ్ళే వచ్చారక్కడికి. నా పక్క బల్ల మీద చిట్టగాంగు నుంచి వచ్చిన కుర్రాడు. అతనికి తెలుగు రాదు, నాకు బెంగాలీ రాదు, ఇంగ్లీషు ఇద్దరికీ అంతంతే. సీసాలిచ్చి ఆక్సిజన్ పరీక్ష చేసి చూపించమన్నారు. అతను సీసా నింపి, మూత పెట్టి, వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఒక కన్ను మూసి బుడగ వెతికాడు. అచ్చం మా మాస్టారిలా. నాకు కళ్ళు చెమర్చాయి. ఎక్కడో కర్ణఫులి నది మీద ఒక పడవలో అతనూ నెలనెలా ఇదే పని చేస్తున్నాడు, ఇదే గోధుమ రంగు కోసం చూస్తున్నాడు. మా ఇద్దరి నీళ్ళూ ఒకే అఖాతంలోకి దిగుతున్నాయి.

ఆ శిక్షణలోనే తెలిసింది, ఈ అఖాతం గురించి దేశాలు కలిసి కూర్చోవడం కొత్త కాదని. 1979లోనే మద్రాసు కేంద్రంగా బంగాళాఖాత కార్యక్రమం మొదలైంది. చిన్న పడవల జాలర్ల కోసం పెట్టింది. 2003లో అది బంగ్లాదేశ్, భారత్, మాల్దీవులు, శ్రీలంక కలిసి నడిపే సంస్థగా మారింది, కార్యాలయం ఇప్పటికీ చెన్నైలోనే. 1982లో దక్షిణాసియా దేశాల పర్యావరణ సహకార సంస్థ కొలంబోలో వెలిసింది. 1995లో దాని కింద దక్షిణాసియా సముద్రాల కార్యాచరణకి భారత్, పాకిస్తాన్‌తో సహా ఐదు దేశాలు ఒప్పుకున్నాయి. ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో ఎనిమిది దేశాలు ఈ అఖాతాన్ని ఒకే పెద్ద జీవావరణంగా చూసే ప్రాజెక్టు చేపట్టాయి. మాల్దీవుల నుంచి ఇండోనేషియా దాకా. వాళ్ళు ముఖ్యమని తేల్చిన కష్టాలు మూడు. చేపల్ని మించి పట్టడం, మడ అడవులు, పగడపు దిబ్బల్లాంటి చేపల పుట్టిళ్ళు పాడవడం, నేల మీంచి దిగే కాలుష్యం. ఈ మూడోదే నా ఉద్యోగం.

2021లో కొలంబో దగ్గర ఒక సరుకుల ఓడ తగలబడి, పప్పు గింజలంత ప్లాస్టిక్ పూసలు తీరమంతా పరుచుకున్నప్పుడు, మన కోస్ట్‌గార్డు ఓడలు కూడా వెళ్ళి మంటలార్పడానికి సాయపడ్డాయి. అలాంటి ఆపద వస్తే దేశాలు కదులుతాయి. పొగ కనిపిస్తుంది గనక. ఆక్సిజన్ పోతే పొగ రాదు. బంగాళాఖాతంలో వంద మీటర్ల లోతు దాటాక, కొన్ని వందల మీటర్ల మందాన ఆక్సిజన్ దాదాపు లేని నీటి పొర ఒకటుంది. నదుల తీపినీరు పైన తేలి మూతలా కప్పేయడంతో పై నీరూ అడుగు నీరూ సరిగా కలవవు. అది ప్రకృతే పెట్టింది. అక్కడ లెక్కకి అందీ అందనంత ఆక్సిజన్ ఇంకా మిగిలి ఉందనీ, ఆ రవ్వంత వల్లనే ఆ పొర పూర్తిగా చచ్చిన నీరు కాలేదనీ 2016లో శాస్త్రవేత్తలు చెప్పారు. నేల మీంచి ఎరువూ మురుగూ ఎక్కువైతే ఆ రవ్వంతా పోవచ్చు. అది చదివిన రోజున నాకు ఆకివీడు దిగువన చూసిన తెల్ల మడ్డి గుర్తొచ్చింది. అంత పెద్ద అఖాతం కూడా ఒక సీసా లాంటిదే కదా, చాయ పలచబడుతూ పలచబడుతూ ఉన్న సీసా.

2020 డిసెంబరు గురించి రాయకుండా ఉండలేను. ఏలూరు వన్‌టౌన్‌లో ఉన్నట్టుండి జనం మూర్ఛలతో పడిపోయారు. పిల్లలూ పెద్దలూ వందలమంది ఆసుపత్రిలో. రెండో రోజు పొద్దున్నే మా గుమ్మం ముందు సీసాలు. వీధివాళ్ళంతా కుళాయి నీళ్ళు, క్యాను నీళ్ళు, బోరు నీళ్ళు పట్టుకొచ్చారు. "మీరు నీళ్ళు చూసేవారు కదండీ, చూసి చెప్పండి, పిల్లలకి పట్టొచ్చా?" అని. నా దగ్గరున్నవి ఆక్సిజనూ ఉప్పూ చూసే పనిముట్లు. సీసం, పురుగుమందు నాకు దొరకవు. ఆ మాట చెబితే ఒకావిడ నా మొహంలోకి అలా చూస్తూ నిలబడిపోయింది, మరెందుకు ఇన్నేళ్ళూ ఆ పెట్టె మోశావన్నట్టు. తర్వాత ఎయిమ్స్ వాళ్ళ పరీక్షలో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు. పురుగుమందుల మాటా వచ్చింది. ఆవిడ చూపు మాత్రం నన్ను వదల్లేదు. ఆ తర్వాతే నేను నోటుబుక్కు మూసి నోరు తెరవడం మొదలుపెట్టాను.

అంటే ఏం చేశానంటే, ఊళ్ళోవాళ్ళకి నా అంకెలు చెప్పడం మొదలుపెట్టాను. అంతకు ముందు అంకెలు ల్యాబుకి వెళ్ళేవి, ల్యాబు నుంచి ఫైల్లోకి వెళ్ళేవి. ఉప్పుటేరు ఒక్కటే గానీ 2022లో జిల్లాలు మారాక దాని గట్లు మూడు జిల్లాలవి. కైకలూరు, కలిదిండి ఏలూరు జిల్లా. ఆకివీడు, మొగల్తూరు పశ్చిమ గోదావరి. కృత్తివెన్ను కృష్ణా. డ్రెయిను ఒక శాఖది, చేప ఒక శాఖది, పక్షి ఒక శాఖది, చెత్త పంచాయతీది. అర్జీ పట్టుకుని తిరిగితే ప్రతిచోటా మర్యాదగానే చెప్పారు, అది తమ పరిధిలోది కాదని. సరే, పరిధి లేనివాళ్ళనే కూర్చోబెడదామనుకున్నాను.

ఆకివీడు దిగువన రెండు ఊళ్ళు. పై ఊళ్ళో చేపల చెరువులు, కింది ఊళ్ళో రొయ్యల చెరువులు. చూపులు కూడా కలవని పగ. చెరువు చచ్చిన ప్రతిసారీ కొట్లాటే. రావిచెట్టు అరుగు మీద రెండు ఊళ్ళ నుంచీ పదిహేను మంది కూర్చున్నారు. నా నోటుబుక్కు తెరిచి, ఏ నెల ఏ చోట ఎంత ఆక్సిజన్ ఉందో చదివాను. చదువుతుంటే కింది ఊరి రైతొకాయన, "ఆ నెల్లోనేనండి నా మూడెకరాలూ పోయింది" అన్నాడు. పై ఊరాయన తల వంచుకున్నాడు. అరిచిన మాట లేదు. కాసేపటికి ఆయనే, "మేం పట్టుబడి పెట్టే ముందు ఫోను చేస్తాం. ఆ మూడు రోజులూ మీరు ఇంజిన్లు ఆపండి. పాటు మీద వదిలితే నీళ్ళు సముద్రంలోకి లాగేస్తాయి" అన్నాడు. అందరికీ బాగుందనిపించింది. నాకూ బాగుందనిపించింది.

బాగాలేదన్నది ఒక్కరే. నా వెంట వచ్చిన మొగ ఊరి పెద్దాయన, వల విప్పుతూ బర్మా సీసా చూసినాయన. అప్పటిదాకా అరుగు చివర నిలబడే ఉన్నాడు. "మీ ఇద్దరికీ రాజీ కుదిరిందండి, ఆయ్. మరి ఆ నల్లనీళ్ళు లాగేసేది నా వలలోకే కదండీ" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. ఏళ్ళ తరబడి మొగ దాకా పోయి నీళ్ళు ముంచినవాడిని, ఆ మాట నేనే అనాల్సింది. రెండు ఊళ్ళ పగ తీరుతోందన్న సంతోషంలో మూడో ఊరిని మర్చిపోయాను.

ఆ సాయంత్రం తెగలేదు. మళ్ళీ రెండుసార్లు కూర్చున్నాం. చివరికి కుదిరింది ఇది. పై నీరు పాటు మీద వదలొచ్చు. అడుగు నీరు వదలకూడదు. దాన్ని పక్కనున్న ఖాళీ చెరువులోకి తోడి, వారం పది రోజులు నిలవ పెట్టి, మడ్డి దిగాక తేట నీరు మాత్రమే వదలాలి. మడ్డి ఎండాక గట్టు మీదికి, కొబ్బరి చెట్ల మొదట్లోకి. ఖాళీ చెరువు లేనివాళ్ళకి పక్క రైతు ఇవ్వాలి. మేత బస్తాలు, మందు పొట్లాలు గట్టు మీద పారేయకుండా లెక్కపెట్టి గొడౌనుకి తిరిగివ్వాలి. బడి పిల్లల నోటుబుక్కులో రాసుకున్నారు, సంతకాలు పెట్టారు, వేలిముద్రలు వేశారు. అందులో మూడు జిల్లాల ఫోను నంబర్లున్నాయి.

అంతా సవ్యంగా నడిచిందని చెప్పను. రెండో ఏటే వర్షాకాలంలో ఒకతను రాత్రి తూము ఎత్తేశాడు. చేప తేలుతోంది, లారీ వచ్చేసింది, నిలవ చెరువులోకి తోడే సమయం లేదన్నాడు. నిజమే కావచ్చు. తెల్లారి నేను ముంచిన సీసాలో చాయ బాగా పలచబడింది. తెల్లగా మాత్రం లేదు. 2003 నుంచి చూస్తున్నాను కాబట్టి ఆ రెంటికీ తేడా నాకు తెలుసు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడని ముంచేసినప్పుడు, ఆ వరదంతా రోజుల వ్యవధిలో కొల్లేట్లోకి దిగింది. పెదయడ్లగాడి దగ్గర గుర్రపుడెక్క దిబ్బలు దిబ్బలుగా వచ్చి వంతెనకి అడ్డం పడింది. దాని మధ్య పరుపులు, ప్లాస్టిక్ కుర్చీలు, పిల్లల చెప్పులు. అన్నీ కొన్ని రోజుల కిందటి దాకా ఎవరి ఇంట్లోవో. లంకల వాళ్ళు తమ ఇళ్ళ చుట్టూ నీళ్ళు నిలిచి ఉండగానే, దోనెల మీద వచ్చి కర్రలతో ఆ డెక్క తోస్తున్నారు. వాళ్ళలో ఒక కుర్రాడు చిన్న ఎర్ర చెప్పు ఒకటి తీసి వంతెన గోడ మీద పెట్టాడు, ఎవరైనా వెతుక్కుంటూ వస్తారన్నట్టు. నేను సీసా ముంచకుండా కాసేపు ఆ చెప్పునే చూస్తూ కూర్చున్నాను. ఆటపాక వైపు నుంచి గూడబాతులు వరసగా తల మీంచి పోతున్నాయి.

ఉద్యోగం ఇంకెన్నాళ్ళో లేదు. నా వెనక ఒక అమ్మాయి పని నేర్చుకుంటోంది, గణపవరం వైపు పిల్ల. మీటరు చక్కగా వాడుతుంది, అయినా సీసా పరీక్ష కూడా నేర్పమని తనే అడిగింది. మొన్న ఉప్పుటేటి వంతెన మీద తొమ్మిదిసార్లు ముంచింది. నేను మాట్లాడకుండా చూస్తూ నిలబడ్డాను. పదోసారి సీసా ఎత్తి వెలుతురుకి పట్టింది. అప్పుడే నా ఫోను మోగింది. పై ఊరి రైతు.

"ఏవండీ, రేపు మా చిన్నచెరువు పట్టుబడి. పాటు ఎన్నింటికండి?"

హైదరాబాదు ఇన్‌కాయిస్ వాళ్ళ ఆటుపోట్ల లెక్క నోటుబుక్కులో రాసి పెట్టుకుంటాను. అందులో చూసి చెప్పాను, మధ్యాహ్నం రెండు దాటాక అని.

"అడుగు నీళ్ళకి పక్క చెరువు అడిగానండి, ఇస్తానన్నాడు. మొగ ఊరాయనకి మీరు చెప్తారా, నన్ను చెయ్యమంటారా?"

"మీరే చెయ్యండి" అన్నాను.